తుంపర ఆగిన వీధులు

నమోదు 1

ఈరోజు ఉద్యోగంలో చేరాను. పేరు కెల్ల నూకరత్నం. హోదా, శిక్షణలో ఉన్న పర్యావరణ ఆరోగ్య ఇన్‌స్పెక్టరు. పోస్టింగు కొత్తరేవు నగరం, తూర్పు వార్డులు. ఏ రోజు చూసింది ఆ రోజే రాసుకోవాలన్నది నాకు పని నేర్పే సీనియర్ ఇన్‌స్పెక్టరు సన్యాసిరావు గారి షరతు. చూసింది ఒకచోట, అనుకున్నది ఇంకోచోట రాయమన్నారు. రెండూ కలిపేస్తే కొన్నాళ్లకి ఏది ఏదో నాకే తెలియదట.

పొద్దున రేవులో చేపలమీద వేసే ఐసు చూశాం. అది తాగే నీళ్లతో చేసిందో కాదో నాలుక మీద పెట్టుకోకుండా ఎలా తేల్చాలో చూపించారు. ఎండ సైరన్ మోగేలోపు లంకవాడ చేరాం. సైరన్ తర్వాత నీడలేని రోడ్డు మీద మనిషి కనిపిస్తే గస్తీవాళ్లు బండెక్కించి తీసుకుపోతారు. లంకవాడ వీధులన్నిటి మీదా గుడ్డ పందిళ్లున్నాయి. పందిళ్ల కింద పొడవునా సన్నటి పైపులు, వాటికి బెత్తెడు దూరానికొకటి చిన్న చిన్న ముక్కులు. సైరన్ మోగగానే వాటిలోంచి తుంపర మొదలైంది. కళ్లముందే వీధి చల్లబడింది.

సముద్రం పైకొచ్చి లంకలు మునిగాక ఇక్కడికి చేరినవాళ్లు ఈ వాడ కట్టుకున్నారు. దాదాపు అన్నీ రేకుల ఇళ్లు. మధ్యాహ్నం లోపల కూర్చుంటే రొట్టె కాలినట్టు కాలిపోవాల్సిందే. అందుకని పగలంతా అందరూ వీధిలోనే, తుంపర కిందే ఉంటారు. వంటలు, కుట్టుపనులు, పిల్లల చదువులు, పోట్లాటలు అన్నీ అక్కడే.

నాకు బస కూడా ఈ వాడలోనే దొరికింది. తుంపర పైపులు చూసుకునే మేస్త్రి తవిటినాయుడి ఇంట్లో ఒక గది. అతని తల్లి ఎర్రయ్యమ్మ వీధి మలుపులో చోడి అంబలి అమ్ముతుంది. నన్ను ఎగాదిగా చూసి, “ఇనస్పెక్టరమ్మంటే ఏటో పెద్దావిడొస్తాదనుకున్నాను. నువ్వా? కూకో, అంబలి తాగు” అంది.

తాగాను. శుభ్రంగానే ఉంది. అంబలి తాగి శుభ్రంగా ఉందని అనుకున్నందుకు నాకే నవ్వొచ్చింది.

నమోదు 4

రెండు ఇళ్లలో జ్వరం. ఎండదెబ్బ అనుకున్నారు. దగ్గు కూడా ఉంది. ఎండదెబ్బకి దగ్గు రాదు.

మిగతా రోజంతా చెత్త గుంటలు, దోమలు, మాంసం కొట్టు. మాంసం కొట్టు మస్తానయ్య నన్ను చూడగానే కత్తులన్నీ వేణ్ణీళ్లలో వేశాడు. నేను రాకపోతే వేసేవాడు కాదని సన్యాసిరావు గారు తర్వాత అన్నారు. అందుకని వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాం. కత్తులు బయటే ఉన్నాయి.

నమోదు 7

దర్జీ గవరయ్య పొద్దున చనిపోయాడు. మొన్న నాలుగో నమోదులో రెండు ఇళ్లని రాసిన వాటిలో ఒకటి అతనిదే. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆసుపత్రివాళ్లు చెప్పారు. నా కోటుకి ఊడిన గుండీ అతనే కుట్టాడు, డబ్బులు వద్దన్నాడు.

ఇప్పుడు పదిహేడు మందికి జ్వరం. నగర ఆరోగ్య కేంద్రంలో యంత్రం ఉంది, అన్ని వార్డుల వివరాలూ దాంట్లోకి చేరతాయి. ఇది మనిషి నుంచి మనిషికి పాకే జ్వరం కావచ్చని అది తేల్చింది. అలా తేలిస్తే ఆ వెంటనే వచ్చేది మూత ఉత్తర్వు. అంటే వాడ ద్వారాలు మూసేస్తారు. తిండి లోపలికి వస్తుంది, మనుషులు బయటికి వెళ్లరు. ఇంకా ఉత్తర్వు రాలేదు గాని, పైనున్న గట్టువాడవాళ్లు అప్పుడే తమ బడికి లంకవాడ పిల్లలు రావద్దని కబురంపారు. గట్టువాడ కొండను తొలిచి కట్టిన వాడ. గోడలు రాయి కాబట్టి వాళ్లకి తుంపర అక్కర్లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎర్రయ్యమ్మ మంచం మీద ఉంది. ఒళ్లు కాలుతోంది. తవిటినాయుడు తడిగుడ్డ పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. నన్ను వేరే గది చూసుకోమని చెప్పాడు. పాకే జ్వరమంటున్నారు, నువ్వు చిన్నదానివి అన్నాడు. నేను గుడ్డ అందుకున్నాను.

నమోదు 8

జ్వరం వచ్చిన ప్రతి ఇంటికీ తిరిగాను. ఏం తిన్నారు, ఏ కుళాయి, ఎక్కడ పడుకుంటారు, ఎవరు సేవ చేస్తున్నారు అని అడిగాను. మధ్యాహ్నానికి ఒక సంగతి నన్ను ఆపింది. రోగికి సేవ చేస్తున్నవాళ్లకి ఒక్కరికీ రాలేదు. గవరయ్య భార్య అతని తల ఒళ్లో పెట్టుకుని గడిపింది, ఆవిడ బాగానే ఉంది. కిటికీలకి తడిగోనెలు కట్టుకుని లోపలే ఉండే బాలింతలకి రాలేదు. తన తాటాకు గుడిసెలోంచి కదలని చెవిటి తాతకి రాలేదు.

మరెవరికి వచ్చింది? సైరన్ కంటే ముందే వీధిలో చోటు పట్టుకుని కూర్చునేవాళ్లకి. దర్జీ మిషను పందిరి కింద పొద్దున్నే వేసేవాడు. ఎర్రయ్యమ్మ కుండలు సర్దుకుంటుంది. కూరగాయలవాళ్లు, బడిపంతులు, ముగ్గురు ఆటోవాళ్లు. తుంపర మొదలయ్యేటప్పటికే దాని కింద ఉండేవాళ్లు.

పరుగున వెళ్లి సన్యాసిరావు గారికి చెప్పాను. తుంపరే జ్వరం తెస్తోంది, ఇప్పుడే ఆపించాలి అన్నాను. ఆయన నన్ను కూర్చోమన్నారు.

“రత్నం, ఇది వైశాఖం. ఆ తుంపర ఆపితే ఈ రేకుల కింద సాయంత్రానికి ఎంతమంది ముసలివాళ్లు మిగులుతారు? జ్వరం కంటే ముందు నీ సంతకం చంపుతుంది. రుజువు పట్టుకురా. అప్పుడు నా సంతకం కూడా పెడతాను.”

నాకు కోపం వచ్చింది. ఇంటికి నడుస్తూ ఆలోచిస్తే ఆ కోపంలో పస లేదని తెలిసింది. ఆయన కాదనలేదు. సరిగ్గా చెప్పమన్నారు.

నమోదు 9

తుంపర పైపులకి నీళ్లిచ్చే ట్యాంకుని రోజూ పరీక్షిస్తారు. రోజూ శుభ్రమనే వస్తుంది. నేను ట్యాంకు దగ్గరికి వెళ్లలేదు. సైరన్‌కి ముందు నిచ్చెన వేయించుకుని, ముఖానికి మాస్కు బిగించి, మొదటి తుంపర సీసాలో పట్టాను. వాడ పై కొసన ఒకటి, మధ్యలో ఒకటి, సముద్రం వైపు చివర ఒకటి. ఇంకాసేపటికి మళ్లీ అవే చోట్ల పట్టాను.

చుక్కపెట్టెలో వేశాం. నీటిలో ఏ సూక్ష్మజీవి ఉందో, ఎంత ఉందో చెప్పే పెట్టె అది. తేల్చడానికి ఒక రాత్రి పడుతుంది. తాగడానికి పనికొచ్చే నీళ్లలోనే, గోరువెచ్చగా నిలవ ఉంటే పెరిగే పురుగొకటి ఉందని, తాగితే ఏమీ చేయదని, ఆవిరిలా ఊపిరిలోకి పోతేనే ఊపిరితిత్తులు పట్టుకుంటుందని సన్యాసిరావు గారు చెప్పారు. ఆయనా నాలాగే అనుకుంటున్నారని అప్పుడు అర్థమైంది.

నమోదు 10

అదే. పై కొసన కొంచెం. మధ్యలో ఎక్కువ. సముద్రం వైపు చివర, పెట్టె చూపించగలిగినంత. కాసేపాగి పట్టిన తుంపరలో అన్నిచోట్లా తక్కువ. అంటే రాత్రంతా ఎక్కడో పెరుగుతోంది, పొద్దున మొదటి విసురులో బయటికి వస్తోంది.

ఎక్కడ? తవిటినాయుణ్ని అడిగాను. పైపుల దారి తెలిసింది అతనికే. అతను కిందికి నడిచాడు, వెనకే నేను. వాడ చివర వీధి మెట్లు దిగుతూ నీళ్లలోకి పోతుంది. పోయినేటి పెద్ద అలల్లో మునిగిన రేవువీధి అది. ఇళ్ల పైకప్పులు, ఒక కిటికీ పైభాగం కనిపిస్తున్నాయి. వీధి మొదట్లో పెద్ద పైపు, దానికొక కవాటం బిగించి ఉంది. కవాటం అవతల పైపు అలాగే ఇళ్ల మీదుగా ఎండలో సాగిపోయింది.

“ఆ ఎడంపక్క మూడోది మా ఇల్లు” అన్నాడు. “గోడ కట్టీసి నీరు తోడీస్తాం, మళ్లీ మీ ఇళ్లకి మీరెళిపోవచ్చు అని చెప్పినారు. ఎల్తే తుంపర ఉండాల కదా. అందుకే పైపు కొయ్యొద్దని నేనే పట్టుబట్టినాను. లోపల నీళ్లుండగానే కవాటం బిగించినాను.”

కవాటం చుట్టూ చెయ్యి పెట్టి చూశాను. బొట్లు బొట్లుగా కారుతోంది. ఏడాదిగా ఎండకి కాగుతూ నిలిచిపోయిన నీళ్లు, రాత్రి తుంపర ఆగి లోపల ఒత్తిడి తగ్గినప్పుడు వాడుకలో ఉన్న పైపులోకి జారుతున్నాయి.

అతను నా ముఖం చూశాడు. నేను ఏమీ చెప్పకముందే మెట్టు మీద కూలబడ్డాడు.

“మాయమ్మకి నేనే పట్టించినానా, చెల్లీ?”

నేనూ పక్కనే కూర్చున్నాను. “నిలవనీళ్లు ఇలా చేస్తాయని నీకెవరైనా చెప్పారా, అన్నా?” అని అడిగాను.

లేదన్నాడు.

“చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. అందులో మా ఆఫీసు ఉంది. ఏడాదిగా ట్యాంకు చూసి వెళ్లిపోయారు, ఈ చివరకి ఒక్కరూ దిగలేదు.”

అది అతనికి సరిపోలేదు. సరిపోతుందని నేనూ అనుకోలేదు. నీళ్లలో ఆ కిటికీ ఊచలకి నాచు పట్టి ఉంది. కాసేపటికి అతను లేచి రంపం తెస్తానన్నాడు.

నమోదు 11

పైపు కోయడం గంట పని. తవిటినాయుడు ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. చుట్టూ రేవువీధి వాళ్లందరూ నిలబడ్డారు. ఎవరూ వద్దనలేదు. కోసిన చోట మూత అతికిస్తుంటే ఒకావిడ ఏడ్చింది.

కోసినంత మాత్రాన అయిపోదు. వాడంతా పైపుల లోపల ఆ పురుగు జిగటలా అంటుకుని ఉంటుంది. అది చావాలంటే మరిగిన నీళ్లు పైపులన్నిటిలో పగలంతా పారాలి, అదీ వరుసగా మూడు రోజులు. ఆ మూడు రోజులూ తుంపర ఉండదు. పైగా ముక్కుల్లోంచి పొగలు కక్కే నీళ్లు పడతాయి, కింద మనిషి ఉండకూడదు. వాడ ఖాళీ కావాలి.

ఎక్కడికి? నగర శిబిరం నీళ్లకి అవతల ఉంది. జ్వరంతో ఉన్నవాళ్లని పడవల్లో అంతదూరం తీసుకెళ్తే దారిలోనే పోతారని ఆసుపత్రి డాక్టరు చెప్పేశారు. మిగిలింది గట్టువాడ. రాతిగదులు, చల్లగా ఉంటాయి. మరిగే నీళ్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. కొండ మీద అద్దాలు పెట్టి ఎండతో ఊరుమ్మడి వంట చేసుకుంటారు వాళ్లు. ఆ నీళ్లు పైనుంచి వదిలితే పంపు కూడా అక్కర్లేదు, వాటంతట అవే పారతాయని తవిటినాయుడు చెప్పాడు.

సన్యాసిరావు గారు చుక్కపెట్టె లెక్కలు పట్టుకుని ప్రధాన కార్యాలయానికి వెళ్లారు. మూత ఉత్తర్వు అప్పటికే తయారైందట. సోమవారం పొద్దుటిదాకా ఆపించగలిగారు. గట్టువాడ ఒప్పుకుంటే సరి, లేకపోతే ద్వారాలు మూస్తారు, తుంపర కూడా కట్టేస్తారు. ఈరోజు శుక్రవారం. అందాకా పొద్దున మొదటి తుంపర అయిపోయేదాకా పందిళ్ల కిందికి రావద్దని ఇంటింటికీ చెప్పాం.

నమోదు 12

గట్టువాడ సంఘం వాళ్లు రాతిమండపంలో కూర్చున్నారు. అధ్యక్షురాలు షరీఫా గారు, అరవై దాటిన మనిషి, ఒకప్పుడు రేవులో పడవలు నడిపారట. తెలిసింది తెలిసినట్టు చెప్పాను. పైపుల సంగతి, పురుగు సంగతి, సేవ చేసినవాళ్లకి రాలేదన్న సంగతి.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. భయపడ్డారు. ఒకాయన మా ఇంట్లో పసిపిల్లలున్నారు అన్నాడు. ఇంకొకావిడ యంత్రం పాకుతుందని చెప్తుంటే నువ్వు పాకదంటున్నావు, చేరి రెండు వారాలు కాలేదు అంది. నేను ఎర్రయ్యమ్మ ఇంట్లోనే తిని అక్కడే పడుకుంటున్నానని మాత్రం చెప్పాను. అది నీ ఉద్యోగం అన్నారెవరో.

షరీఫా గారు లేచి చెప్పులేసుకున్నారు.

“ఆ ముసలావిడ ఇల్లు చూపించమ్మాయ్.”

తుంపర దారి తప్పించి ఇళ్ల వెనకనుంచి తీసుకెళ్లాను. ఆవిడ ఎర్రయ్యమ్మ మంచం పక్కన కూర్చున్నారు. నీళ్లు తాగించారు. దగ్గొస్తే వీపు రుద్దారు. లంకల్లో ఏ ఊరు అని అడిగారు. ఎర్రయ్యమ్మ చెప్పింది. ఆ రేవుకి నా పడవ వచ్చేది అన్నారు షరీఫా గారు. అక్కడ ఏ మలుపులో ఇసుక మేట ఉండేదో, ఏ నెలలో పులస పడేదో ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఎండ దిగేదాకా కదలలేదు.

వెళ్తూ గుమ్మం దగ్గర నాతో అన్నారు. “రేపు పొద్దున్న నాకు జ్వరం రాకపోతే మా వాళ్లు నమ్మేస్తారని అనుకోకు. అంత తొందరగా తెలీదని నాకూ తెలుసు. కానీ నేను ఇంటికెళ్లి నా మనవడి పక్కన పడుకుంటాను. అది అందరూ చూస్తారు.”

నమోదు 13

ఆదివారం. పొద్దున గట్టువాడ ద్వారం తీసే ఉంది. షరీఫా గారు తన ముందుగదిలోని సామానంతా బయట పెట్టించి చాపలు పరిపిస్తున్నారు. ఆవిడ ఇంటి ముందు చాలామంది నిలబడి చూస్తున్నారు. చాలాసేపు అలా చూశారు. తర్వాత పసిపిల్లలున్నారన్న ఆయనే వచ్చి, మా వెనకగదిలో ఆరుగురు పడతారు అని నాకు చెప్పి వెళ్లాడు.

అందరూ ఒప్పుకోలేదు. కొన్ని తలుపులు మూసే ఉన్నాయి. కానీ తీసిన తలుపులు సరిపోయాయి.

ఎండ ఎక్కకముందే వాడని ఖాళీ చేశాం. మంచాలు మోశాం. నేను మోసిన మంచానికి అవతలి కొస పట్టుకున్నది మాంసం కొట్టు మస్తానయ్య. చెవిటి తాత మాత్రం నేను రాను, నాకు జ్వరం లేదు కదా అని భీష్మించాడు. సన్యాసిరావు గారు ఆయన పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు మాట్లాడారు. ఏం చెప్పారో గాని తాత నవ్వుతూ ఆయన భుజం పట్టుకుని కొండెక్కాడు.

నమోదు 15

మరిగే నీళ్లు పారుతున్నాయి. కొండ మీద నుంచి చూస్తే లంకవాడ వీధులన్నీ పొగలు కమ్మి ఉన్నాయి. తవిటినాయుడు నిన్నటి నుంచి నిద్రపోలేదు. కవాటం నుంచి కవాటానికి తిరుగుతూ, పైపు మీద చెయ్యి వేసి కాలుతోందో లేదో చూస్తున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. థర్మామీటరు వాడమని నేను కోప్పడ్డాను. వాడుతున్నాను చెల్లీ, అయినా చేత్తో చూసుకోవాలనిపిస్తంది అన్నాడు.

రాతిగదుల్లో ఇరుకు. పిల్లలు కొట్టుకుంటున్నారు. వంట దగ్గర కారం ఎక్కువ, తక్కువని గొడవ. బడిపంతులికి జ్వరం తగ్గింది, ఒక మూల రెండు వాడల పిల్లల్నీ కూర్చోబెట్టి లెక్కలు చెబుతున్నాడు. కొత్త జ్వరం ఒక్కటి వచ్చింది, లంకవాడ మనిషికే. గట్టువాడలో ఎవరికీ రాలేదు. నేను ప్రతి ఇంటికీ పొద్దునా సాయంత్రం వెళ్లి అడుగుతున్నాను. నిన్నటిదాకా నన్ను చూసి తలుపేసుకున్న ఒకావిడ ఈరోజు, “మాకేం లేదులే, ఉప్మా తినెళ్లు” అంది.

ఎర్రయ్యమ్మకి రాత్రి ఊపిరి బాగా కష్టమైంది. మందు మార్చారు. రేవువీధి పైపు కోసేశామని తవిటినాయుడు ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు. ఈరోజు చెప్పాడు, తన తప్పంటూ. నేను అక్కడే ఉన్నాను. ఆవిడ కళ్లు మూసుకునే విన్నది.

“ఆ ఇల్లు పోయిందని నాకు పోయినేడే తెలుసురా. నువ్వు ఆశ పడతన్నావని నేను ఊరుకున్నాను. నువ్వేమో నాకోసం అట్టిపెట్టినావు.”

అతను ఆవిడ పాదాల దగ్గర తల పెట్టుకున్నాడు. నేను బయటికి వచ్చేశాను.

నమోదు 18

నిన్న చల్లటి నీళ్లు వదిలి, అన్ని వీధుల్లోనూ తుంపర పట్టి చుక్కపెట్టెలో వేశాం. తెల్లారి చూస్తే ఒక్కచోట కూడా పురుగు లేదు. సన్యాసిరావు గారు రెండోసారి చూశారు. తర్వాత నన్ను చూడమన్నారు. మూత ఉత్తర్వు రద్దయింది. ఆరోగ్య కేంద్రం యంత్రానికి ఇకమీద ట్యాంకు నీళ్లతో పాటు ప్రతి వాడలో చివరి ముక్కు తుంపర కూడా పంపాలని ఆయన రాశారు. కింద నా పేరు కూడా పెట్టారు. రేపటి నుంచి నగరంలో అన్ని వాడల చివర్లకీ దిగాలి. ఇలాంటి కవాటాలు ఇంకెన్ని ఉన్నాయో.

జనాన్ని తీసుకొచ్చాం. సైరన్ మోగింది. తుంపర మొదలైంది.

ఒక్కరూ పందిరి కిందికి రాలేదు. అందరూ ఇళ్ల గుమ్మాల్లో, గోడల పక్కన, ముక్కుకి కొంగులూ తువ్వాళ్లూ అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. రేకులు అప్పుడే వేడెక్కుతున్నాయి. లోపల ఉండలేరు, బయటికి రాలేరు. శుభ్రంగా ఉందని సన్యాసిరావు గారు చెప్పారు. ట్యాంకు శుభ్రమనీ ఇలాగే చెప్పినారు కదా అని ఎవరో అన్నారు. అది నిజమే.

నేను వీధి మధ్యకి నడిచాను. పరీక్ష చేసింది నేను, ఫలితం కళ్లారా చూసింది నేను. అయినా గవరయ్య గుర్తొచ్చాడు. మాస్కు తీసేసి, తల పైకెత్తి, నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చాను. చల్లగా లోపలికి పోయింది. మళ్లీ పీల్చాను. సన్యాసిరావు గారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని నా పక్కకొచ్చి నిలబడ్డారు. కట్లు కట్టిన చేతులతో తవిటినాయుడు వచ్చాడు. ముగ్గురం తడిశాం.

వీధి అటు కొసన అలికిడైంది. గట్టువాడ మనుషులు ఇద్దరు నిన్ననే జ్వరం దిగిన ఎర్రయ్యమ్మని మడతకుర్చీలో మోసుకొస్తున్నారు. వెనక షరీఫా గారు. గుమ్మాల్లో ఉన్నవాళ్లంతా ఎర్రయ్యమ్మనే చూస్తున్నారు. కుర్చీ మా ముందు దింపారు. ఆవిడ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

“జరగండర్రా” అంది. “నాకూ కొంచెం చోటియ్యండి.”

జరిగాం. ఆవిడ వెనక ఒక్కొక్కరే కొంగులు దించుకుని వీధిలోకి రావడం మొదలుపెట్టారు.